పక్షానికొకమారు హిందూపురం

మల్లేశ్వరంలో మా యింటి వరండాలో ఒక మూలగా పాత జావా మోటారు సైకిలు ఒకటి నిలబడి వుంటుంది. వీధిని పోయేవారిలో ఎవరో ఒకరు గేటు దగ్గర ఆగి దానివంక చూస్తూనే వుంటారు. చూసినవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. "ఎంతకిస్తారు?" అనేది మొదటిది. దానికి జవాబు సులభమే, ఇవ్వము. "ఎన్నాళ్ళకొకసారి తీస్తారు?" అనేది రెండవది. దీనికి సరియైన జవాబు తెలుసుకొనడానికి మాకు మూడు సంవత్సరాల కాలము, ఒక ఇంజను మరమ్మతు, రెండు టైర్లు ఖర్చయినవి. మావలెనే పెద్దలనాటి బండిని ఇంటిలో పెట్టుకొని ఏమి చేయాలో తోచని తెలుగు కుటుంబాలు ఈ వూళ్ళో ఇంకా కొన్ని వుండకపోవు. వారికి పనికివస్తుందేమోనని మా అనుభవం వ్రాస్తున్నాము.

మేము అంటే భార్యాభర్తలము ఇద్దరము. బండి నాన్నగారిది. మాలో ఒకరికి ఆయన కన్నతండ్రి, ఇంకొకరికి మామగారు. పెళ్ళయిన నాటినుంచి ఇద్దరమూ నాన్నగారనే పిలిచినాము గనుక ఇక్కడా అట్లాగే వ్రాస్తాము.

ఆయన దీనిని 1969లో కొన్నారు. అప్పటికి ఇది ఇంకా మైసూరు రాష్ట్రమే. నంబరు పలక మీద ఆ రాష్ట్రపు అక్షరాలే నేటికీ వున్నవి. బండి పుట్టినది కూడా మైసూరు నగరంలోనే. ప్రాగు నగరంలో యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మను కంపెనీవారి మోటారు సైకిలు హక్కులు కొని, తన పేరుకు మొదలూ వారి పేరుకు మొదలూ కలిపి జావా అని పేరు పెట్టినాడు. జావా ద్వీపానికీ దీనికీ ఏమీ సంబంధం లేదు. ఆ బండ్లను బొంబాయికి తెప్పించి అమ్ముతుండిన ఇరానీ కుటుంబంవారు మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా కర్మాగారం పెట్టినారు. 1961లో, అప్పటి గవర్నరుగారైన జయచామరాజ ఒడయరుగారు దానిని ప్రారంభించినారు. 1970 దాటిన తర్వాత కొన్నేళ్ళకు జావా పేరు పోయి యెజ్డి పేరు వచ్చినది. 1996లో కర్మాగారమే మూతపడినది. 2018లో వేరొక సంస్థవారు జావా పేరుతో మళ్ళీ బండ్లు దించినారుగాని అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు; వాటి సంగతి వేరు.

మా దానిది రెండు స్ట్రోకుల ఇంజను. ఒకే సిలిండరుకు రెండు పొగగొట్టాలు. గేరు మార్చే కడ్డీనే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు కొట్టే కడ్డీ అవుతుంది. కొత్తవారు దీనిని చూచి కిక్కు ఎక్కడున్నదని వెతుక్కొంటారు. ఇంజనుకు వేరుగా ఆయిలు పోసే ఏర్పాటు లేదు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కొలిచి టాంకులోనే కలపాలి. పెట్రోలుతోబాటు వెళ్ళిన ఆ ఆయిలే లోపలి బేరింగులనూ, పిస్టనునూ, సిలిండరు గోడలనూ తడుపుతుంది. అంటే బండి నడిచినప్పుడే దానికి తలంటు. నడవకపోతే లేదు. ఈ చిన్న సంగతి మాకు ముందే తెలిసివుంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పని వుండేది కాదు.

నాన్నగారు 2019లో పోయినారు. ఆ తరువాత అమ్మ బండిని అమ్మవద్దన్నది. మేము సరేనని, దానికి లోటు రానీయరాదని నిశ్చయించుకొని, ప్రతి ఆదివారం కాఫీ అయిన తర్వాత వరండాలోనే స్టార్టు చేసి అయిదు నిమిషాలు నడిపించి ఆపేవాళ్ళము. నీలిపొగ ఇల్లంతా నిండేది. అమ్మ వంటింటిలోనుంచి వచ్చి వాకిట నిలబడి ఆ శబ్దం వినేది. మేము చాలా మంచి పని చేస్తున్నామనుకొన్నాము. 2020లో లాక్‌డౌను వచ్చి పెట్రోలు తెచ్చే ఓపిక పోయినది. బాటరీ దిగిపోయినది. తర్వాత చూద్దాములే అని దుప్పటి కప్పినాము. ఆ చూడడం 2022 చివరకుగాని కాలేదు. ఒకనాడు అడగకుండానే ఒక కొనుగోలుదారు వచ్చి, దుప్పటి తీసి, కిక్కు మీద కాలుపెట్టి తొక్కినాడు. కడ్డీ రాతికి పాతినట్టు నిలబడిపోయినది. ఆయన మావంక చూచి, ముందు చెప్పిన ధరలో సగం చెప్పినాడు. అమ్మ తలుపు దగ్గరే వున్నది. ఆమె ఏమీ అనలేదు, లోపలికి పోయినది. ఆ వెళ్ళిపోవడమే మమ్ములను కదిలించినది.

బండిని ఆటోలో ఎక్కించి కలాసిపాళ్యం పక్క సందులో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకొనిపోయినాము. ఆయన దక్కనీ ఉర్దూ, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడుతాడు. సిలిండరు తల విప్పి, డీజిలూ ఆయిలూ కలిపి పిస్టను మీద పోసి, నాలుగు రోజులు ముట్టుకోవద్దన్నాడు. అయిదవ నాడు కొయ్యముక్క పెట్టి సుతారంగా తట్టి పిస్టనును దింపినాడు. టాంకులో గుప్పెడు నట్లు, కిరసనాయిలు పోసి మేమిద్దరమూ చెరొకవైపు పట్టుకొని జల్లెడ పట్టినట్టు ఊపితే ఎర్రని నీళ్ళవలె తుప్పు దిగినది. కార్బురేటరులో పెట్రోలు ఆరిపోయి తేనెపాకంవలె గడ్డకట్టి, సూదిబెజ్జమంత జెట్టును మూసివేసినది. క్రాంకు పక్కల వుండే రబ్బరు సీళ్ళు ఎండి పెళుసెక్కినవి. టైర్లు నేలకు ఆనినచోట చదునై, పక్కల బీటలు వారినవి.

"నాలుగు నెలలో అయిదు నెలలో ప్రతివారం స్టార్టు చేసినామే" అని మేము మా మంచితనం చెప్పుకొన్నాము. మేస్త్రీ చేతులు తుడుచుకొంటూ నవ్వినాడు. "అదే చేసింది సార్ సగం నష్టం. నిద్రపోనివ్వలేదు, నడవనివ్వలేదు. లేపి కూర్చోబెట్టి మళ్ళీ పడుకో అన్నారు. మనిషినైనా అట్లా చేస్తే జబ్బు పడతాడు గదా."

తర్వాత ఆయన చెప్పిన సంగతులూ, మేము చదివి తెలుసుకొన్నవీ కలిపి చెప్పితే విషయం ఇది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వినడానికి వింతగా వున్నా నిజమే. పెట్రోలులోని హైడ్రోజను గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఇంజనూ పొగగొట్టాలూ బాగా కాగివుంటే ఆ నీరు ఆవిరిగా బయటికి పోతుంది. చల్లగా వుంటే, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు లోపలి గోడలకు పట్టి నిలిచిపోతుంది. జావా పొగగొట్టాలు రెండూ పొడుగైనవి, అయిదు నిమిషాలకు వాటి చివరలు వెచ్చనైనా కావు. కనుక ప్రతి ఆదివారం మేము చేసినది బండి కడుపులో కొంచెం కొంచెం నీళ్ళు పోసి మూతపెట్టడమే. ఇక బాటరీ: ఈ బండిది 6 వోల్టుల బాటరీ, డైనమో. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు డైనమో బాటరీకి ఏమీ ఇవ్వదు. ఎర్రదీపం వెలుగుతూనే వుంటుంది. స్పార్కుకు కావలసిన కరెంటు మాత్రం బాటరీయే ఇచ్చుకోవాలి. అంటే నిలబెట్టి నడిపిన ప్రతి నిమిషం అది జమ లేని ఖర్చే. పొదుగులో పాలు లేకుండా పితికినట్టు. ఇట్లా దిగిపోయిన బాటరీని అట్లాగే వదిలితే లోపలి సీసపు పలకల మీద తెల్లని పొర గట్టిపడి, తరువాత ఎంత చార్జీ పెట్టినా పట్టదు. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువపాలు కావాలి. అది పూర్తిగా కాలక ప్లగ్గుకు మసి పడుతుంది. గేరుపెట్టె, గొలుసు, బ్రేకులు, చక్రాల బేరింగులు సరేసరి. వాటికి ఆదివారం వచ్చినట్టే తెలియదు.

అయితే ఎన్నాళ్ళకొకసారి తీయాలి? ఈ ప్రశ్నను మేము అప్పుడు కనబడినవారినందరినీ అడిగినాము. మేస్త్రీ పదిరోజులన్నాడు. జె.సి. రోడ్డులో సీళ్ళు అమ్మిన అంగడివారు నెలకొకసారి చాలన్నారు. మళ్ళీ వస్తామని వారికి ఆశ కాబోలు. జూలై నెల రెండవ ఆదివారం జావా, యెజ్డి బండ్లవారు ఈ వూళ్ళో ఒకచోట చేరే ఆచారం వున్నది. అక్కడికి పోయి అడిగితే, ఒకరు రోజూ ఆఫీసుకు దానిమీదనే పోతామన్నారు, ఇంకొకరు సంవత్సరానికి ఈ ఒక్కరోజే తీస్తామన్నారు. ఇద్దరి బండ్లూ మెరుస్తూనే వున్నవి. చలిదేశాలవారు మంచు కురిసే నాలుగైదు నెలలూ బండిని పద్ధతిగా పడుకోబెట్టి వసంతంలో లేపుతారు. మనకు ఆ సదుపాయం లేదు. మనకున్నది వాన. బెంగుళూరులో జూన్ మొదలు అక్టోబరు దాకా గాలిలో తేమ విడవదు. ఎప్పుడు పడుకోబెట్టినా చెమ్మలోనే పడుకోబెట్టాలి.

ఇట్లా ఎటూ తేలకుండా వుండగా, అమ్మ ఒకరోజు ట్రంకుపెట్టెలోనుంచి నల్ల అట్ట నోటుపుస్తకాలు నాలుగు తెచ్చి మా ముందు పెట్టినది. "ఆయన్ను అడగండి" అన్నది.

నాన్నగారు పెన్సిలుతో సన్నని అక్షరాలు వ్రాసేవారు. తేదీ, మీటరు అంకె, పోసిన పెట్రోలు, కలిపిన ఆయిలు, చివర ప్లగ్గు రంగు. ప్లగ్గు నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువ పోతున్నదన్న మాట, తెల్లగా వుంటే ఇంజను మరీ కాగుతున్నదన్న మాట, గోధుమరంగుగా వుంటే క్షేమం. ఈ వివరాల నడుమ ఒక మాట మళ్ళీ మళ్ళీ వచ్చినది: "హిం. వెళ్ళి రాక. 206." రెండు ఆదివారాలకొకసారి, పండుగలు వచ్చినప్పుడు తప్ప, గడియారం కొట్టినట్టు వున్నది. హిం. అంటే హిందూపురం. అక్కడ మా అవ్వ వుండేది. పెద్దకొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేసుకొంటున్నాడుగాని, పక్షానికొకమారు వచ్చి తన చేతి ముద్ద తిని పోవాలని ఆమె షరతు. రైలు వున్నదిగదా అంటే, రైలుకు దాని వేళలున్నవి, నాకు నావి వున్నవి అనేవారట నాన్నగారు. 1969 నుంచి 1984 దాకా అదే వరుస. 1984 శ్రావణంలో ఒక గీత. ఆ తరువాత అవ్వ లేదు.

గీత తర్వాతి పుటలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మొదట నెలకొకసారి, తర్వాత రెండు నెలలకు. "ఊరికే తీసినాను, 8" అని ఒకచోట. "యశ్వంతపురం దాకా, 6" అని ఇంకొకచోట. వీటికి ఎదురుగానే మరమ్మతుల పద్దులు మొదలైనవి. ప్లగ్గు నలుపు. బాటరీ మార్పు. పాయింట్లు శుభ్రం. సైలెన్సరుకు బెజ్జం, అతుకు. అవ్వ వున్న పదిహేనేళ్ళలో వ్రాసిన మరమ్మతులు ఒకటిన్నర పుట. ఆ తరువాతి పదిహేనేళ్ళవి పదకొండు పుటలు. బండి వయస్సు కూడా పెరిగినది, కాదనము. అయినా తేడా అంతా వయస్సుదే అని మేము అనుకోవడం లేదు.

మేస్త్రీకి ఆ పుస్తకాలు చూపినాము. ఆయన చాలాసేపు చూచి, "ఇంకేమి అడుగుతారు? ఇందులో వుంది గదా" అని తిరిగి ఇచ్చినాడు. బండి 2023 ఫిబ్రవరిలో మళ్ళీ ఇంటికి వచ్చినది.

సరిగ్గా ఆ నెల 6వ తేదీననే ఈ బెంగుళూరులోనే ప్రధానమంత్రిగారు 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలును విడుదల చేసినారు. దేశానికి మంచిదే కావచ్చు, చెరకు రైతుకూ మంచిదే. పాత బండికి మాత్రం ఇది కొత్త తలనొప్పి. ఇథనాలు గాలిలోని తేమను పీలుస్తుంది. 1969 నాటి రబ్బరు గొట్టాలనూ వాషర్లనూ ఉబ్బించి మెత్తబరుస్తుంది. తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ వేరై టాంకు అడుగుకు దిగుతాయి. ఇనుప టాంకుకు తుప్పు మొదలయ్యేది అక్కడే. కనుక నాన్నగారి కాలంలో పెట్రోలు రెండు మూడు నెలలు టాంకులో వున్నా సాగినదేమోగాని ఇప్పుడు అది పనికిరాదు. గొట్టాలూ వాషర్లూ కొత్తరకానివి వేయించినాము. పెట్రోలు పోసిన నెలలోగా వాడివేయడం అలవాటు చేసుకొన్నాము. ఎన్నాళ్ళకొకసారి అన్న ప్రశ్నకు ఇప్పుడు ఇంజనుతోబాటు పెట్రోలు కూడా ఒక జవాబు చెప్పుతున్నదన్న మాట.

చట్టం కూడా ఒక మాట చెప్పుతుంది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులేవీ చేయని బండ్లకు ప్రత్యేక నియమాలు చేసినది. వి.ఎ. అనే అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, తరువాత మళ్ళీ చేయించుకొంటే 5,000. గౌరవంగానే వున్నది. అయితే అట్లా నమోదైన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప మామూలు ప్రయాణానికి రోడ్డు మీదికి తీయరాదు. మేమిద్దరమూ రెండు రాత్రులు దీనిని గురించి మాట్లాడుకొన్నాము. చివరకు పాత రిజిస్ట్రేషనునే పరీక్ష చేయించి పొడిగించుకొన్నాము. హిందూపురం పోయి రావడం ప్రదర్శన కిందికి రాదు గదా!

అవ్వ లేని హిందూపురానికి ఎందుకని అడిగేవారుంటారు. అవ్వ లేకపోయినా దారి వున్నది. ఈ దారిలో వున్న గుణం ఊళ్ళో తిరగడంలో లేదు. మల్లేశ్వరంనుంచి కార్పొరేషనుకు పోయి వస్తే గంటన్నర ఇంజను తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. గాలితో చల్లబడవలసిన ఇంజను సిగ్నళ్ళ దగ్గర నిలబడి మాడుతుంది, డైనమో మాత్రం పస్తుంటుంది. వరండాలో మరీ చల్లన, ఊళ్ళో మరీ వేడి. మైసూరు వైపు పోదామా అంటే, అక్కడికి వేసిన కొత్త ఎక్స్‌ప్రెస్ దారిలో 2023 ఆగస్టు 1నుంచి ద్విచక్రవాహనాలను రానివ్వడం లేదు. పక్క రోడ్డున పోవచ్చును. తాను పుట్టిన వూరికే పక్కదారిన పోవలసివచ్చినదని మేము బండిని చూచి నవ్వుకొన్నాముగాని, గంటకు 50, 60 కిలోమీటర్లతో పోయే దానికి అది నిజంగా తగిన చోటు కాదు.

పక్షానికొకమారు ఆదివారం తెల్లవారి అయిదున్నరకు బయలుదేరుతాము. కార్బురేటరు మీది చిన్న బొడిపెను పెట్రోలు చెమ్మ కనబడేదాకా నొక్కి, రెండు కిక్కులు ఊరికే తొక్కి, మూడవది తాళం తిప్పి తొక్కాలి. హెబ్బాళ వంతెన దగ్గర ఆ వేళకే విమానాశ్రయానికి పరుగెత్తే కార్లు. యలహంక దాటి ఎడమకు తిరిగితే ఊపిరి ఆడుతుంది. దొడ్డబళ్ళాపురం 40 కిలోమీటర్లు. ఊరిలోకి పోతూనే మరమగ్గాల చప్పుడు వినబడుతుంది. పట్టుచీరలు నేసే ఇళ్ళవి. అక్కడ ఇడ్లీ, కాఫీ. చెయ్యి పెట్టి చూస్తే అప్పటికి పొగగొట్టం చివరదాకా కాగివుంటుంది. మొదటి పది కిలోమీటర్లూ వెనుక వచ్చిన తెల్లని ఆవిరిపొగ ఇక్కడికి వచ్చేసరికి పూర్తిగా తగ్గిపోతుంది. ఆ తగ్గడమే మాకు గుర్తు. వట్టి నిర్వహణకోసమే అయితే ఇక్కడనుంచి వెనక్కు తిరిగినా చాలును. ఆగకుండా 25 కిలోమీటర్లకు తక్కువ కారాదన్నది మేస్త్రీ లెక్క.

దొడ్డబళ్ళాపురం దాటిన తరువాత మాకళిదుర్గం కొండ. రైలుదారి కొండల నడుమ వంపులు తిరుగుతూ రోడ్డుకు తోడు వస్తుంది. మొదటిసారి పోయినప్పుడు ఇక్కడనే బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయినది. ప్లగ్గు విప్పినాము, గోధుమరంగే. పాయింట్లు చూచినాము, నిప్పు పడుతున్నది. మాలో ఒకరు మేస్త్రీకి ఫోను చేయబోతుండగా రెండవవారు వంగి చూచి, పెట్రోలు ట్యాపు తెరవలేదని కనిపెట్టినారు. కాఫీకి ఆగినప్పుడు మూసినది అట్లాగే వున్నది. ఎవరు మూసినారు, ఎవరు కనిపెట్టినారు అన్నది ఇంట్లో ఇంకా వివాదంలోనే వున్నది గనుక ఇక్కడ వ్రాయము.

కొండ దిగితే గౌరిబిదనూరు. కర్ణాటకమే అయినా అంగళ్ళలో తెలుగు వినబడుతుంది. కన్నడంలో ధర అడిగితే తెలుగులో చెప్పి, తెలుగులో బేరం చేస్తే కన్నడంలో ఒప్పుకొంటారు. నంది కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, ఇక్కడ ఎక్కువకాలం ఇసుకగానే వుంటుంది. ఆరేడు కిలోమీటర్ల దూరంలో విదురాశ్వత్థం. విదురుడు నాటినాడని చెప్పే రావిచెట్టు చోటున, ఎందరో మొక్కుకొని నిలిపిన నాగశిలలు వరుసలు వరుసలుగా వున్నవి. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ కాంగ్రెసు జెండా ఎగురవేయడానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపినారు. దానిని కర్ణాటకపు జలియన్‌వాలాబాగు అంటారు. ఇప్పుడు వీరసౌధమనే స్మారకం కట్టినారు. నాన్నగారు ప్రతిసారి ఇక్కడ పదినిమిషాలు ఆగేవారట. ఇంజనుకోసమో వీరులకోసమో అమ్మకు తెలియదు. మేమూ ఆగుతాము. వేసవిలో ఆ ఆపడం ఇంజనుకు అవసరమే.

అక్కడనుంచి సరిహద్దు దాటితే హిందూపురం. మేము పుస్తకాలలో అనంతపురం జిల్లా అని చదువుకొన్న వూరు 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో వున్నది. బెల్లం, చింతపండు, మిరపకాయల మార్కెట్టు వాసన ముందు పలకరిస్తుంది. తీరిక వుంటే 14, 15 కిలోమీటర్లు పోయి లేపాక్షి బసవన్నను చూచి వస్తాము. 27 అడుగుల పొడుగు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. ఆయనకు కదలకుండా వుండడమే అందం. మా బండిని ఆయనపక్కన నిలబెట్టి ఫోటో తీయబోతే ఒక పెద్దాయన, "ఇదింకా తిరుగుతాదా?" అని అడిగి, కూర్చొని చూస్తానని మాలో ఒకరిని దించి తాను ఎక్కినాడు.

తిరిగివచ్చేటప్పుడు ఒక పద్ధతి పాటిస్తాము. ఇల్లు అరకిలోమీటరు దూరంలో వుండగా పెట్రోలు ట్యాపు మూసివేస్తే, కార్బురేటరులో మిగిలినది కాలిపోయి, సరిగ్గా గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంజను తానే ఆగుతుంది. జెట్టులో గడ్డకట్టడానికి ఏమీ మిగలదు.  కొన్నిసార్లు లెక్క తప్పి గేటుకు ముందే ఆగిపోతుంది. అప్పుడు పక్కింటి పిల్లలు తోసిపెడతారు. వానకాలంలో పక్షం దాటనీయము; పది రోజులకే దొడ్డబళ్ళాపురం దాకా అయినా పోయి వస్తాము. ఎండాకాలంలో మూడు వారాలు అయినా భయం లేదు. నెలన్నరకు మించి ఊళ్ళో లేకపోవలసివస్తే మాత్రం నడిపిస్తూ వుండండని ఎవరికీ అప్పగించము. టాంకు ఖాళీచేసి, ప్లగ్గు బెజ్జంలో ఒక చెంచా ఆయిలు పోసి రెండు కిక్కులు తొక్కి, బాటరీ విప్పి, చక్రాలు నేలకు ఆనకుండా స్టాండు మీద ఎత్తిపెట్టి పోతాము. నిద్రపోవాలంటే పూర్తిగానే నిద్రపోనివ్వాలి.

నోటుపుస్తకంలో ఖాళీ పుటలు చాలా వున్నవి గనుక అందులోనే వ్రాస్తున్నాము. మొదటి ప్రయాణం నుంచి వచ్చిన సాయంత్రం, నాన్నగారు పెట్టిన పెన్సిలుతోనే, "హిం. వెళ్ళి రాక. 208. ప్లగ్గు గోధుమ" అని వ్రాసినాము. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని చూచినది.

"ఆయనకు 206 గదా. రెండు ఎక్కువ ఎందుకు వచ్చినవి?"

హెబ్బాళ దగ్గర దారి మళ్ళింపని చెప్పబోయి, నిజమే చెప్పినాము. అవ్వ ఇల్లు అమ్మి ముప్పయి ఏళ్ళు దాటినది. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల అంగడి. అయినా ఆ వీధి చివరదాకా పోయి తిరిగి వచ్చినాము.

అమ్మ కొంచెంసేపు వూరుకొన్నది. "వాకిట్లో వేపచెట్టు వుందా?" అని అడిగినది.

వుందని చెప్పినాము. పెన్సిలు తీసుకొని, 208 పక్కన తానే చిన్నగా "వేపచెట్టు వుంది" అని వ్రాసి, పుస్తకం ట్రంకుపెట్టెలో కాకుండా కూడలిలో గడియారం కింది గూట్లో పెట్టినది.